కోఠి నుంచి లష్కర్‌కు గల్లీల గుండా నడిచి వెళ్లడం ఎలా

హైదరాబాదు, సికింద్రాబాదు ఒకే ఊరని ఇప్పటి తరం అనుకోవడంలో వింత లేదు గానీ, 1960 దాకా ఈ రెండింటికీ వేర్వేరు కార్పొరేషన్లు ఉండేవి. బ్రిటిషు సైన్యం దండు విడిసిన చోటికి 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు వచ్చింది. దండు ఉన్న చోటు కాబట్టి జనం దాన్ని లష్కర్ అన్నారు, పాతకాలపు వాళ్లు నేటికీ అలాగే అంటారు. ఈ ఊరి నుంచి ఆ ఊరికి వెళ్లడానికి టాంక్‌బండ్ మీద ఒక దారి, చిక్కడపల్లి, ముషీరాబాద్‌ల మీదుగా మరొక దారి ప్రసిద్ధం. రెండూ వాహనాలకే తప్ప కాళ్లకు పనికిరావు. అయితే ఆ రెండింటి నడుమ బస్తీలు, కాలనీలు, పాత బజార్లు ఒకదాని వెనుక ఒకటి అల్లుకొని ఉన్నాయి. వాటి గల్లీలను పట్టుకొని కోఠి నుంచి సికింద్రాబాద్ గడియార స్తంభం దాకా, అక్కడి నుంచి స్టేషను దాకా నడవవచ్చు. మలుపులన్నీ కలుపుకొంటే దాదాపు ఎనిమిది కిలోమీటర్లు అవుతుంది. ఆగకుండా నడిచేవారికి రెండు గంటలు, చూస్తూ నడిచేవారికి మూడున్నర గంటలు పడుతుంది.

ముందుగా దారి ఆకారం మనసులో పెట్టుకోండి

ఈ నడకకు సూత్రం ఒక్కటే: మెట్రో ఎప్పుడూ మీ కుడిచేతి వైపు, హుస్సేన్‌సాగర్ ఎప్పుడూ మీ ఎడమచేతి వైపు ఉండాలి. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో మార్గం సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్, గాంధీ ఆసుపత్రి, సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్ల వరుసలో ఉత్తరానికి సాగిపోతుంది. మీరు దానికి సమాంతరంగా, దానికి పడమటి వైపున, ఆ స్తంభాలు కంటికి కనబడనంత దూరంలో నడుస్తారు. దారి తప్పినా, కాళ్లు నొప్పి పెట్టినా, ఎండ ముదిరినా కుడివైపుకు తిరిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే ఏదో ఒక స్టేషను దగ్గర తేలుతారు. చెరువులో ఈదేవాడికి నడుముకు కట్టిన తాడు ఎంతో మీకు ఆ మెట్రో అంత. అది ఉందన్న ధైర్యంతోనే తెలియని గల్లీలోకి నిశ్చింతగా అడుగు పెట్టగలుగుతారు.

ఫోనులోని పటాన్ని వాడవద్దని చెప్పను గానీ, దాన్ని అడిగే పద్ధతి వేరుగా ఉండాలి. కోఠిలో నిలబడి సికింద్రాబాద్ స్టేషనుకు దారి చూపమంటే అది మిమ్మల్ని తిన్నగా పెద్ద రోడ్డు మీదికే తోలుతుంది. కాబట్టి గమ్యాన్ని ముక్కలు చేసి అడగండి. మొదట రామకోటి, తరువాత కింగ్ కోఠి, దోమలగూడలోని ఏ.వి. కాలేజీ, ఇందిరా పార్కు, కవాడిగూడ, బన్సీలాల్‌పేట మెట్ల బావి, మోండా మార్కెట్, చివరికి గడియార స్తంభం. ఒక ముక్క పూర్తయ్యాకే తరువాతి ముక్కను అడగాలి. ఆ ముక్క లోపల మాత్రం పటాన్ని జేబులో పెట్టి దిక్కు చూసుకొని నడవడమే మేలు.

రోజు, వేళ, వెంట ఉంచుకోవలసినవి

ఆదివారం ఉదయం ఆరు గంటలకు బయలుదేరడం అన్నిటికంటె ఉత్తమం. సుల్తాన్ బజార్ దుకాణాల షట్టర్లు అప్పటికి దించే ఉంటాయి కాబట్టి, మామూలు వేళల్లో భుజం భుజం రాసుకునే ఆ వీధుల్లో మీరు తల ఎత్తి పైఅంతస్తుల పాత కిటికీలను, చెక్క వాకిళ్లను చూస్తూ పోవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏడు గంటలకు మొదలుపెట్టినా బాధ లేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తొమ్మిదింటికల్లా నడక ముగిసేలా లెక్క వేసుకోవాలి, ఎందుకంటే కవాడిగూడ దాటాక చెట్ల నీడ బాగా తగ్గిపోతుంది.

వాన కురుస్తున్న రోజున, భారీ వాన కురిసిన మరునాడు ఈ దారి పట్టవద్దు. కారణం కింద చెబుతాను. ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి అమ్మవారి బోనాలు జరిగే ఆదివారం నాడు చివరి రెండు కిలోమీటర్లు జనసంద్రం అవుతాయి. ఆ జాతర కోసమే వెళ్లేవారి సంగతి వేరు, ప్రశాంతంగా నడవదలచినవారు ఇంకో వారం చూసుకోవాలి. వినాయక నిమజ్జనం రోజుకూ ఇదే మాట వర్తిస్తుంది.

లీటరు నీళ్లు, టోపీ, కొంచెం చిల్లర చాలు. చెప్పులకంటె బూట్లు మంచివి. కొత్తవి కాక పాతబడి అరిగిన జత అయితే ఇంకా మంచిది, ఎందుకంటే గల్లీల్లో తెల్లవారుజామున వాకిళ్లు కడిగిన నీళ్లు, తవ్వి పూడ్చిన మట్టి, సగం పరిచిన షాబాదు బండలు తప్పవు. చేతికర్ర తీసుకువెళ్లాలని కొందరు సలహా ఇస్తారు. నా మట్టుకు నేను వద్దనే అంటాను, కర్రను చూస్తేనే వీధికుక్కలకు మన మీద అనుమానం మొదలవుతుంది. కుక్క మొరిగితే పరుగెత్తకుండా, దాని కళ్లలోకి చూడకుండా, అదే వేగంతో ముందుకు సాగిపోతే తన హద్దు దాటాక అదే ఊరుకుంటుంది.

కోఠి నుంచి కింగ్ కోఠి దాకా

కోఠి అన్న పేరు రావడానికి కారణమైన రెసిడెన్సీ భవనం ఎదుట నడక మొదలుపెట్టండి. నిజాం దర్బారులో బ్రిటిషు ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో కట్టడం మొదలైన ఆ భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది కాబట్టి, ముందుగా అనుమతి లేనిదే లోపలికి వెళ్లే వీలు ఉండదని అనుకొని రోడ్డు మీది నుంచే చూసి కదలాలి. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో జనం దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. అక్కడి నుంచి రోడ్డు దాటి సుల్తాన్ బజార్‌లోకి వెళ్లండి. ఒకప్పుడు దీన్ని రెసిడెన్సీ బజార్ అనేవారు.

సుల్తాన్ బజార్‌లో తెలుగువారు తప్పక ఆగవలసిన చోటు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజధానిలో తెలుగు పుస్తకాలకంటూ ఒక గూడు ఉండాలని కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు మొదలైనవారు 1901 సెప్టెంబరు 1న ఈ గ్రంథాలయాన్ని స్థాపించారు. మీరు వెళ్లే వేళకు తలుపులు తెరిచి ఉండకపోవచ్చు. ఎదుట రెండు నిమిషాలు నిలబడి, పని వేళలను ఫోనులో ఫొటో తీసుకొని, మరోసారి మధ్యాహ్నం పూట రావాలని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

ఇక్కడ మొదటి పరీక్ష ఎదురవుతుంది. జనం నడిచే మార్గం మిమ్మల్ని బడీచౌడీ వైపు లాక్కుపోతుంది, కాని అటు మెట్రో స్తంభాలు ఉన్నాయి. మీరు ఎడమకు తిరిగి హనుమాన్ టేకడీ మీదుగా రామకోటి వైపు సాగాలి. టేకడీ అంటే చిన్న గుట్ట. నేల నిజంగానే కొద్దిగా ఎత్తుకు లేస్తుంది, ఆ ఎత్తు కారులో కూర్చున్నవారికి తెలియదు, పిక్కలకు తెలుస్తుంది. రామకోటి దగ్గర ఆబిడ్స్ నుంచి కాచిగూడకు పోయే పెద్ద రోడ్డును దాటితే ఈడెన్ గార్డెన్, ఆ వెనుక కింగ్ కోఠి వస్తాయి.

కింగ్ కోఠి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నివాసం. 1967 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసింది కూడా ఇక్కడే. ఈ పేరు గురించి ఒక ముచ్చట చెబుతారు. భవనం కట్టించుకున్న కమాల్ ఖాన్ అనే ఆయన తన పేరులోని తొలి ఇంగ్లీషు అక్షరాలు రెండింటిని తలుపుల మీద, కిటికీల మీద అంతటా చెక్కించాడట. నిజాం దాన్ని కొనుక్కున్నాక ఆ చెక్కడాలను తీయించడానికి మనసొప్పక అదే రెండక్షరాలకు సరిపోయేలా కింగ్ కోఠి అని పేరు పెట్టుకున్నారట. నిజానిజాల మాట ఎలా ఉన్నా, పొదుపరిగా పేరు మోసిన నిజాముకు ఈ కథ బాగా అతుకుతుంది.

గల్లీ అవతలికి పోతుందో లేదో తెలుసుకోవడం

హిమాయత్‌నగర్‌లోకి ప్రవేశించే ముందు ఈ విద్య అలవడాలి. ఈ నడకలో సమయం వృథా అయ్యేది దూరం వల్ల కాదు, తెగిపోయే గల్లీల వల్ల. లోపలి నుంచి ఆటో గాని, పాల వ్యాను గాని బయటికి వస్తూ ఉంటే ఆ గల్లీకి అవతల దారి ఉండే అవకాశం ఎక్కువ. అటూ ఇటూ ద్విచక్ర వాహనాలు ఆగకుండా పోతుంటే ఇక సందేహమే అక్కరలేదు. గల్లీ మొదట్లో కిరాణా దుకాణం ఉండడం ఏమీ చెప్పదు గానీ, మధ్యలో ఉంటే మాత్రం రెండు వైపుల నుంచీ జనం వస్తున్నారని అర్థం. పిల్లలు రోడ్డుకు అడ్డంగా ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడుతున్నారంటే అది చాలావరకు మూసుకుపోయిన గల్లీయే.

అడిగి తెలుసుకోవడానికి మొహమాట పడవద్దు. అయితే “సికింద్రాబాదుకు ఎట్లా పోవాలి” అని అడిగితే ప్రతివారూ బస్టాపు చూపిస్తారు, నడిచి వెళతామంటే జాలిపడతారు కూడా. “ఈ గల్లీ అవుతలికి పోతదా అన్నా?” అని అడగండి. తెలుగు అర్థం కానిచోట “ఆగే రాస్తా హై క్యా భాయ్?” అంటే చాలు. పెద్దవయసు ఆడవారిని అమ్మా అనో, ఖాలా అనో పిలిచి అడిగితే దారితో పాటు మంచినీళ్లు కూడా దొరికిన సందర్భాలు నాకు ఉన్నాయి. ఇళ్ల ముందు ముగ్గు వేస్తున్నవారి ఫొటోలు అడగకుండా తీయకూడదు, ముగ్గు తొక్కకూడదు. సన్నని గల్లీ అంటే ఆ ఇళ్లవారికి వసారా వంటిదని గుర్తుంటే మిగతా మర్యాదలు వాటంతట అవే వస్తాయి.

హిమాయత్‌నగర్ నుంచి ఇందిరా పార్కు దాకా

నారాయణగూడ నుంచి లిబర్టీకి పోయే రోడ్డు ఈ నడకలో రెండవ పెద్ద అడ్డంకి. సిగ్నలు ఉన్న చోటనే దాటాలి. ఆదివారం ఉదయం రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది కాబట్టే ఆ కొద్ది వాహనాలు మరీ వేగంగా వస్తాయి. రోడ్డుకు అవతల ఉన్న హిమాయత్‌నగర్‌కు ఏడవ నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టారు. తండ్రి ఇంటి నుంచి కొడుకు పేటకు వచ్చారన్నమాట. ఇక్కడి వీధులకు అంకెలు ఉన్నాయి కనుక ఏ వీధిలో ఉన్నామో తెలుసుకోవడం సులువు, కాని అంకెల వరుసను మరీ నమ్ముకోవద్దు. ఉత్తరం దిక్కును నమ్ముకోండి. ఎక్కువ మంది ఈ భాగాన్ని త్వరగా దాటేస్తారు, నేనూ అంతే.

దోమలగూడలో ఏ.వి. కాలేజీ పక్కగా సాగి ఇందిరా పార్కు చేరుకోండి. 76 ఎకరాల ఈ పార్కు 1978లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. సగం దారి వచ్చారు కాబట్టి ఇక్కడ పావుగంట కూర్చోవడం మంచిది. మూత్రశాల అవసరమైతే ఇక్కడే తీర్చుకోండి, తరువాత అనువైన చోటు దొరకడానికి చాలా సేపు పడుతుంది. పార్కు పక్కనే ధర్నా చౌక్ ఉంది. మామూలు రోజుల్లో వెళ్లేవారు ఆ రోజు ఏదైనా సభ ఉందేమో ముందుగా చూసుకోవాలి, ఉంటే పోలీసులు చుట్టుపక్కల గల్లీలకు కూడా అడ్డుకట్టలు వేస్తారు.

ఇందిరా పార్కు నుంచి తూర్పుకు చూస్తే 2023లో ప్రారంభమైన ఉక్కు వంతెన అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా వీఎస్‌టీ సిగరెట్ ఫ్యాక్టరీ వైపు పోతుంది. దాని కింది రోడ్డే మన మూడవ అడ్డంకి. ఓపిక ఉన్నవారు దాని వెంట అశోక్‌నగర్ దాకా వెళ్లి రావచ్చు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి అద్దె గదులు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు, అడుగడుగునా కోచింగ్ బోర్డులు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం తలుపులు తెరవకముందే సంచులు పట్టుకొని చేరే పిల్లలు ఇవన్నీ కలిసి అక్కడ వేరే లోకం కనిపిస్తుంది. ఇడ్లీ, దోశ తినడానికి ఈ దారి మొత్తంలో ఇంతకంటె చవకైన చోటు లేదు.

నాలా సంగతి

వానరోజు వద్దని చెప్పడానికి కారణం ఇదే. హుస్సేన్‌సాగర్ నిండితే మిగులు నీరు టాంక్‌బండ్ దిగువ నుంచి ఒక నాలాగా బయలుదేరి, దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట ప్రాంతాల మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. చెరువుకు తూర్పున కోఠి నుంచి సికింద్రాబాదుకు ఏ గల్లీలో నడిచినా ఈ నాలాను ఒకసారి దాటక తప్పదు. ఈ దారికి అసలైన సరిహద్దు ఇదేనని నాకు అనిపిస్తుంది. వంతెనలు చిన్నవి. మామూలు రోజుల్లో ముక్కు మూసుకొని దాటితే సరిపోతుంది. గట్టి వాన పడితే మాత్రం నాలా పక్కనున్న గల్లీలు మోకాటి లోతు నీటితో నిండిపోతాయి, నీటి కింద మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. ఒకసారి మబ్బును చూసి కూడా ఇంత దూరం వచ్చాం గదా అని ముందుకు పోయి, గంటన్నర సేపు ఒక మెడికల్ షాపు అరుగు మీద నిలబడవలసి వచ్చింది. నడక మధ్యలో వాన మొదలైతే నాలా దగ్గరకు వెళ్లకుండా కుడికి తిరిగి మెట్రో ఎక్కేయండి.

కవాడిగూడ నుంచి బన్సీలాల్‌పేట దాకా

గాంధీనగర్‌లో ఇంకా కొన్ని పాత డాబా ఇళ్లు, వాటి ముందు మామిడి, కొబ్బరి చెట్లు మిగిలి ఉన్నాయి. ఒక మాదిరి నీడ ఉన్న చివరి కాలనీ ఇదే కాబట్టి నీళ్లు తాగి, సీసా మళ్లీ నింపుకోండి. కవాడిగూడలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల ఎత్తైన భవనాలు గుర్తుగా నిలుస్తాయి. వాటిని ఎడమకు వదిలి భోలక్‌పూర్ అంచుగా ఉత్తరానికి నడవాలి. ఇక్కడి నుంచి వీధుల స్వభావం మారిపోతుంది. పాత ఇనుము, ప్లాస్టిక్కు, అట్టపెట్టెల గోదాములు, వాటి ముందు ఆగిన ట్రాలీ ఆటోలు కనిపిస్తాయి. చూడడానికి ఇబ్బందిగా ఉందని చుట్టూ తిరిగి పోయేవారు ఉంటారు, కాని రెండు నగరాలు పారేసినదంతా వేరుపడి మళ్లీ పనికి వచ్చే చోటు ఇది. జాగ్రత్తగా చూడవలసింది నేల మీది ఇనుప ముక్కలను, అందుకే బూట్లు అన్నాను.

బన్సీలాల్‌పేట మెట్ల బావి ఈ నడకలో నాకు అన్నిటికంటె ఇష్టమైన మజిలీ. నాగన్నకుంట అని పాత పేరున్న ఈ చోట, పదిహేడవ శతాబ్ది నాటిదని చెప్పే బావి కొన్ని దశాబ్దాల పాటు చెత్తతో నిండి, పైన ఏమీ కనబడకుండా పూడిపోయింది. దాన్ని తవ్వి, మట్టి ఎత్తి, రాతి మెట్లను, కమానులను తిరిగి నిలబెట్టి 2022 డిసెంబరు 5న ప్రారంభించారు. చెత్త తీసేకొద్దీ అడుగున ఊట మళ్లీ వచ్చింది. పొద్దున్నే వెళితే గేటు మూసి ఉండవచ్చు. అలాంటప్పుడు తొందరపడకుండా పక్క వీధిలో టీ తాగి, చుట్టుపక్కల వారిని అడిగి, తెరిచే వేళ దాకా ఆగడానికి అరగంట చేతిలో ఉంచుకోండి. మీ నడక వేళలను వెనక్కి లెక్కించి ఈ బావి తెరిచే సమయానికి సరిపెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

పట్టాలు దాటి మోండాలోకి

కవాడిగూడ వైపు నుంచి మోండా చేరాలంటే సికింద్రాబాద్ నుంచి బేగంపేట పోయే రైలు పట్టాలను దాటాలి. పట్టాల మీదుగా అడ్డదారిన దాటే పని ఎంతమాత్రం చేయవద్దు, స్థానికులు దాటుతున్నా సరే. వంతెన కింది దారి ఎక్కడుందో అడిగి అటే వెళ్లండి. ఆ దారులు ఇరుకైనవి, కాలిబాట ఉండదు. వాహనాలకు ఎదురుగా, గోడకు ఆనుకొని, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి. పిల్లలు వెంట ఉంటే వారిని గోడ వైపు ఉంచాలి.

అవతలకు చేరగానే లష్కర్ మొదలైనట్టు చెవులకే తెలుస్తుంది. మోండా మార్కెట్లో కూరగాయల బస్తాలు మోసేవారు “జరగండి, జరగండి” అంటూ తోసుకుపోతారు, వారికి దారి ఇవ్వవలసింది మీరే. జనరల్ బజార్‌లో బట్టలు, పాట్ మార్కెట్లో బంగారం. ఈ గల్లీల్లోనే ఉజ్జయిని మహంకాళి గుడి ఉంది. సైన్యంలో పని చేసిన సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ కలరా సోకిందని విని, ఊరు చల్లబడితే గుడి కట్టిస్తానని అమ్మవారికి మొక్కుకొని, 1815లో కొయ్య విగ్రహాన్ని తెచ్చి ప్రతిష్ఠించాడని చెబుతారు. దండు పుట్టిన తొమ్మిదేళ్లకే దండులోని మనిషి తెచ్చిన దేవత ఆ ఊరికి అమ్మవారు అయిందన్నమాట.

గుడి నుంచి గడియార స్తంభం పది నిమిషాల నడక. స్తంభం దగ్గర కుడికి తిరిగితే సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో, ఆ తరువాత రైల్వే స్టేషను వస్తాయి. స్టేషనుకు ఎదుటి ఇరానీ హోటళ్లలో చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకొని కూర్చుంటే కాళ్లు ఎంత పని చేశాయో అప్పుడు తెలుస్తుంది. కోఠికి తిరిగి వెళ్లడానికి మెట్రోలో సుల్తాన్ బజార్ టికెట్ తీసుకోవచ్చు. తెలంగాణకు చెందిన ఆడవారికి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది గనుక ఆధార్ కార్డు వెంట ఉంచుకుంటే ఆ ఖర్చు కూడా ఉండదు.

లష్కర్ వైపు నుంచి మొదలుపెట్టదలచినవారు చేతులు మార్చుకోవాలి. మెట్రో ఎడమకు, హుస్సేన్‌సాగర్ కుడికి వస్తాయి. అలా నడిచేటప్పుడు మెట్ల బావి మొదటి గంటలోనే వచ్చేస్తుంది, సుల్తాన్ బజార్ చేరేసరికి దుకాణాలు తెరిచి ఉంటాయి. అందువల్ల కొనుగోళ్లు ఉన్నవారికి ఆ దిశ అనుకూలం, ఖాళీ వీధులు కావలసినవారికి ఈ దిశ అనుకూలం.